గుట్ట మీద అడవినాభి పూసింది, తవ్వి పారేయాలంటున్నారు. ఏం చేయాలి?

గుట్టపక్క_ఫ్లాట్
మాది నార్సింగి దాటాక ఒక గేటెడ్ కమ్యూనిటీ. వెనక గోడ వైపు బిల్డర్ ముట్టుకోకుండా వదిలేసిన చిన్న రాళ్ల గుట్ట ఉంది. చుట్టూ పరికి కంప, కలిమి పొదలు, రెండు సీతాఫలం చెట్లు. వానలు మొదలయ్యాక ఆ కంప మీదికి ఒక తీగ పాకింది. ఇప్పుడు నిండా పూసింది. రేకులన్నీ వెనక్కి తిరిగి పైకి లేచి, అంచులు అలలు అలలుగా, మొదట్లో పసుపు, కొసన ఎరుపు. చిన్న మంట లేచినట్టే ఉంటుంది. ఆకు కొస సన్నగా సాగి పక్క కొమ్మను చుట్టుకుంటోంది.

మొన్న ఎదురు బ్లాకు పాప ఒక పువ్వు కోసి తలలో పెట్టుకుంది. ఒక పెద్దావిడ చూసి "ఇది నాభి, విషం" అన్నారు. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్. ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. జేసీబీతో పొదలన్నీ పీకించి, గుట్ట చుట్టూ లాన్ వేసి, కోనోకార్పస్ కంచె నాటాలని ప్రతిపాదన. నాకు ఆ గుట్ట ఉన్నది ఉన్నట్టు ఉండాలని ఉంది. కానీ పిల్లల సంగతి వచ్చేసరికి గట్టిగా మాట్లాడలేకపోతున్నా. ఇది అడవినాభేనా? నిజంగా ఎంత ప్రమాదం? ముట్టుకుంటే ఏమైనా అవుతుందా?

వికారాబాద్_పోరడు
అడవినాభి అన్నా. అగ్నిశిఖ అని కూడా అంటరు, కొన్ని దిక్కుల పొత్తిదుంప. మా అనంతగిరి కింద శ్రావణమాసంలో కంచెల మీద కనపడుతది. ఆకు కొస చుట్టుకుంటుందని రాసినవు కదా, ఇంక వేరే అనుమానం అక్కర్లేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
విషం అని తెలిశాక ఇంకా చర్చ దేనికండీ? పిల్లలు ఆడుకునే చోట అలాంటిది ఉంచుతారా? పువ్వు అందంగా ఉంటే ఫోటో తీసుకుని తీసేయండి.

బోటనీ_మేడం
గుట్టపక్క గారూ, మీ వర్ణనను బట్టి ఇది గ్లోరియోసా సుపర్బా. లినేయస్ 1753లో పెట్టిన పేరే ఇప్పటికీ ఉంది. మేం చదువుకున్నప్పుడు లిల్లీ కుటుంబంలో ఉండేది. తర్వాత ఆ పెద్ద కుటుంబాన్ని విడగొట్టి దీన్ని కొల్చికేసీలో చేర్చారు. పాత పుస్తకాల్లో కలబంద, పిల్లితీగ, అడవి ఉల్లి, చివరికి వంటింటి ఉల్లిపాయ కూడా లిల్లీల కిందే ఉంటాయి.

ఇది మన నేల మొక్కే. ఆఫ్రికాలో, శ్రీలంకలో, మిగతా దక్షిణాసియాలో కూడా సహజంగా పెరుగుతుంది. జింబాబ్వేకి జాతీయ పుష్పం, తమిళనాడుకి రాష్ట్ర పుష్పం. పైన కనిపించే తీగ ఏడాదికోసారి ఎండిపోతుంది. మొక్క మాత్రం బహువార్షికం, నేలలో దుంపగా బతికే ఉంటుంది. ఆ దుంప రెండు పాయలుగా వంకర తిరిగి ఉంటుంది. కొసన మొలక. జూన్‌లో రెండు మంచి వానలు పడగానే లేస్తుంది, జూలై నుంచి పూలు, ఆ తర్వాత కాయలు, చలికాలం వచ్చేసరికి పైన ఏమీ మిగలదు. ఈ ఏడాది దుంప తన శక్తంతా తీగకిచ్చి ముడుచుకుపోతుంది, దాని పక్కనే వచ్చే ఏటికి కొత్త దుంప తయారవుతుంది.

ఈసారి పువ్వు దగ్గరికి వెళ్లినప్పుడు మధ్యలో చూడండి. కేసరాలు ఆరూ పక్కలకు చాచి ఉంటాయి. కీలం, అంటే పుప్పొడిని అందుకునే కాడ, మాత్రం మొదట్లోనే పక్కకు వంగి, పువ్వుకు దూరంగా పోతుంది. సొంత పుప్పొడి తనమీద తేలిగ్గా పడకుండా ఉండే అమరిక అది. పెద్ద సీతాకోకలు, తేనెపిట్టలు వచ్చి వాలినప్పుడు రెక్కలకి, ఒంటికి పుప్పొడి అంటుకుని ఇంకో పువ్వుకి చేరుతుంది.

విషం సంగతి: ఉంది. మొక్క అంతటా ఉంది, దుంపలో, గింజల్లో ఎక్కువ. దాని పేరు కొల్చిసిన్. తింటేనే ప్రాణం మీదికి వస్తుంది. పువ్వు తలలో పెట్టుకున్న పాపకి ఏమీ కాదు, చేతులు కడిగిస్తే చాలు. దుంప రసం మాత్రం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మేడం, "తింటేనే" అంటున్నారు. రెండేళ్ల పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు.

క్యాజువాలిటీ_డ్యూటీ
అమ్మగారి భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేసినప్పుడు దుంప తిన్న కేసు చూశాను. చిలగడదుంప అనుకుని ఉడికించుకున్నారు. ఉడికించినా విషం పోదు.

తిన్న కొన్ని గంటల వరకు ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత నోరు, గొంతు మంట, ఆగకుండా వాంతులు, విరేచనాలు. చాలామంది దాన్ని ఫుడ్ పాయిజనింగ్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. రెండు మూడు రోజులకి అసలు దెబ్బ: రక్తకణాలు పడిపోవడం, కిడ్నీలు, గుండె దెబ్బతినడం. బతికి బయటపడ్డవాళ్లకి ఒకటి రెండు వారాల్లో జుట్టు రాలిపోతుంది. కణం రెండుగా చీలడాన్ని కొల్చిసిన్ ఆపేస్తుంది, అందుకే వేగంగా చీలే కణాలున్న చోటల్లా దెబ్బ తగులుతుంది. మన ఆసుపత్రుల్లో దీనికి ప్రత్యేకంగా విరుగుడు లేదు. కాబట్టి ఎవరైనా నమిలారని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి. మొక్క ముక్క ఒకటి కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం లాంటివి వద్దు.

మొక్క ఉండాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. కానీ పూల నెలకంటే కాయలు పగిలే నెలలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గింజలు నారింజ ఎరుపులో గుండ్రంగా మెరుస్తుంటాయి. చిన్నపిల్లల చెయ్యి వాటి మీదికే పోతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
చూశారా. డాక్టరే చెప్తున్నారు.

మొరం_నేల
డాక్టర్ గారు తీసేయమని చెప్పలేదండీ. ఒక్కసారి మీ కమ్యూనిటీ గేటు నుంచి లిఫ్టు దాకా నడవండి. గేటు పక్కన గన్నేరు ఉంటుంది, విషం. పార్కులో పచ్చగన్నేరు ఉంటుంది, దాని గింజ గుండెని ఆపుతుంది. లాబీలో కుండీలో డైఫెన్‌బేకియా, ఆకు నమిలితే నాలుక వాచిపోతుంది. ఇవన్నీ డబ్బు పెట్టి కొని నాటినవి, పిల్లల చేతికి అందే ఎత్తులో. వాటి మీద మీటింగ్ ఎప్పుడైనా పెట్టారా? గుట్ట మీద ముళ్ల కంపలో ఉన్నదాని దగ్గరికి రెండేళ్ల పిల్ల నడిచి పోలేదు కూడా.

ఇద్దరు_పిల్లల_అమ్మ
గన్నేరు సంగతి తెలియదు. అది కూడా అడుగుతాను మీటింగులో.

వికారాబాద్_పోరడు
గిప్పుడు గన్నేరుకి మూడినట్టుంది 😀

ఐదో_అంతస్తు_తోట
ఒక మధ్యేమార్గం. నాకు బాల్కనీలో ఎండ బాగా వస్తుంది. ఆ దుంప తవ్వి నాకిచ్చేయండి, పెద్ద కుండీలో పెట్టుకుంటా. మొక్కా బతుకుతుంది, మీకు గొడవా ఉండదు. ఆదివారం లోపు వచ్చి తీసుకెళ్తాను.

మొరం_నేల
ఇప్పుడు తవ్వితే పోతుంది అక్కా. పూత మీద ఉన్నప్పుడు పాత దుంప సగం కరిగిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా గట్టిపడి ఉండదు. పైగా మొలక ఉండేది దుంప కొసన. గడ్డపార తగిలి ఆ కొస విరిగిందంటే మిగిలిన దుంప ఎంత పెద్దదైనా లేవదు. రాళ్ల సందులో ఉన్నదాన్ని కొస విరగకుండా తీయడం మాటలు కాదు. కావాలంటే సాగుచేసిన దుంపలు అమ్మేవాళ్లున్నారు, కొనుక్కోండి. గుట్ట మీదిది గుట్టకే ఉండనీ.

ఐదో_అంతస్తు_తోట
జేసీబీ కింద పడి నలిగిపోవడం కంటే నా కుండీ నయం కదా?

మొరం_నేల
జేసీబీ వచ్చేది ఖాయమైతే నయమే. అది ఇంకా ఖాయం కాలేదుగా.

పంజగుట్ట_వైద్య
బీఏఎంఎస్ (ఆయుర్వేదం) చదువుతున్నాను. మా పుస్తకాల్లో దీని పేరు లాంగలి. ఉపవిషాల జాబితాలో ఉంటుంది. అంటే వాడాలంటే ముందు శోధన (విషం తగ్గించే శుద్ధి) చేయాలి, మోతాదు చాలా తక్కువ, అనుభవం ఉన్న వైద్యుడి చేతి మీదుగానే. యూట్యూబ్ చూసి జుట్టు ఊడిన చోట దుంప నూరి రాసుకునేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

కరీంనగర్_కాపు
మా ఊళ్లో పాతకాలం మంత్రసాని కాన్పు కష్టమైతే ఈ దుంప నూరి బొడ్డు కింద పట్టు వేసేదని మా నాయనమ్మ చెప్పేది. కాన్పు కాగానే కడిగేసేవారట. చేను గట్టు మీద కనిపిస్తే పశువులు తినకుండా పీకేసేవారు కూడా. మేకలు మేసి చచ్చిపోయాయని గొల్లవాళ్లు తిట్టుకునేవాళ్లు.

క్యాజువాలిటీ_డ్యూటీ
కరీంనగర్ గారూ, తెలిసిన సంగతి రాసినందుకు సంతోషం. చదివేవాళ్ల కోసం ఒక్క మాట: గర్భిణుల దగ్గరికి ఈ దుంపని రానివ్వకండి, పై పూతగా కూడా వద్దు.

అదే కొల్చిసిన్ శుద్ధి చేసి, మిల్లీగ్రాముల లెక్కన మాత్రగా ఇస్తే గౌట్ అనే కీళ్ల నొప్పికి మంచి మందు. ఇవాళ కూడా రాస్తున్నాం. మోతాదు దాటితే మాత్రం అదీ విషమే.

కరూర్_కోడలు
మాది ఖమ్మం, మెట్టినిల్లు తమిళనాడు. ఇక్కడ కరూర్, దిండిగల్ వైపు దీన్ని పొలాల్లో పెంచుతారు. సెంగాందళ్ అంటారు. వరసగా కడ్డీలు పాతి తీగలు లాగి దాని మీదికి పాకిస్తారు. పొద్దున్నే కూలీలు పువ్వు పువ్వుకీ వెళ్లి చేత్తో పుప్పొడి అద్దుతారు. బోటనీ మేడం చెప్పిన ఆ వంకర కీలం వల్లే ఈ పని. అద్దకపోతే కాయ సరిగ్గా నిలవదు. పంట అంటే గింజే. ఎండబెట్టి మందుల కంపెనీలకు అమ్ముతారు, చాలావరకు విదేశాలకు పోతుంది.

ఇక్కడ ఊళ్లలో పిల్లలందరికీ అది ఏమిటో తెలుసు. ముట్టుకుని నోట్లో పెట్టుకోరు. చిన్నప్పటి నుంచి చెప్తారు, అంతే. ఇంకో సంగతి, విత్తనం దుంపల కోసం మొదట్లో అడవుల్లో చాలా తవ్వేశారని మామగారు చెప్తారు. ఇప్పుడు అడవిలో వెతికితే దొరకడం తక్కువట.

గింజల్లేని_పుచ్చ
వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్లకి కొల్చిసిన్ అంటే ల్యాబే గుర్తొస్తుంది. 1937లో దీంతో మొక్కల క్రోమోజోములు రెట్టింపు చేయవచ్చని తేలింది. గింజల్లేని పుచ్చకాయ రావాలంటే ముందు ఈ మందుతో నాలుగు సెట్ల క్రోమోజోములున్న రకం తయారుచేసి, మామూలు రకంతో సంకరం చేయాలి. నా ఐడీకి అదే కారణం. ఎండాకాలంలో మీరు తిన్న ముక్కకీ ఈ పువ్వు చుట్టాలకీ సంబంధం ఉందన్నమాట.

వికారాబాద్_పోరడు
అన్నా, ఇప్పుడు అమ్మగారు పుచ్చకాయ కూడా బంద్ చేపిస్తరు 😂

గింజల్లేని_పుచ్చ
లేదు లేదు! కాయలో ఆ మందు ఏమీ ఉండదు. కొన్ని తరాల ముందు మొలక మీద వాడినది. హాయిగా తినండి.

రాళ్లదారి
అందరూ పువ్వు గురించే మాట్లాడుతున్నారు, అది నిలబడ్డ చోటు గురించి నేను చెప్తాను. పాతికేళ్లుగా ఈ నగరం రాళ్ల చుట్టూ తిరుగుతున్నవాణ్ని.

మన గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. బండ మీద పడ్డ వాన నీరు లోపలికి ఇంకదు, జారి కిందికి వస్తుంది. అందుకే బండ మొదట్లో, రెండు రాళ్ల సందులో చుట్టుపక్కల నేల కంటే ఎక్కువ తడి అందుతుంది. ఏళ్ల తరబడి రాలిన ఆకు, గాలికి వచ్చిన దుమ్ము, రాయి నుంచి ఊడిన గరుకు ఇసుక అక్కడ చేరి లోతైన మన్ను అవుతుంది. అది చల్క నేల, నీరు తాగి వదిలేస్తుంది, నిలవనివ్వదు. అడవినాభి దుంపకి కావలసింది సరిగ్గా ఇదే: వానాకాలమంతా తడి, ఒక్క రోజు కూడా నీరు నిలవకూడదు, మిగతా ఏడాది పొడిగా నిద్ర. నల్లరేగడిలో పెడితే కుళ్లిపోతుంది.

తర్వాత కంప. ఈ తీగకి సొంతంగా నిలబడే బలం లేదు, ఆకు కొసలతో దేన్నో పట్టుకుని పైకి పోవాలి. మొదలు నీడలో, తల ఎండలో ఉండాలి. పరికి, కలిమి, బలుసు లాంటి ముళ్ల పొద అంచు దానికి సరిపోతుంది. మేక మూతి లోపలికి దూరదు. పిల్లల చెయ్యీ దూరదు. అందుకే దట్టమైన అడవి నడిమధ్య కంటే అడవి అంచున, చేను కంచెల్లో, రాళ్ల పక్కన ఎక్కువ కనిపిస్తుంది.

కాబట్టి గుట్ట ఉంచి పొదలు పీకేస్తే మొక్క పోతుంది. పొదలు ఉంచి లాన్‌కి రోజూ నీళ్లు కొడితే దుంప వేసవిలో కుళ్లి పోతుంది. పువ్వును కాపాడాలంటే ఈ రెండింటి జోలికీ వెళ్లకూడదు.

గుట్టపక్క_ఫ్లాట్
రాళ్లదారి సార్, ఈ పోస్టు ప్రింటు తీసి మీటింగుకి తీసుకెళ్తాను. లాన్ నీళ్ల సంగతి నాకసలు తట్టలేదు. కోనోకార్పస్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. గ్రూపులో అందరికీ అదే కావాలి, త్వరగా పెరుగుతుందని.

మొరం_నేల
కోనోకార్పస్ నాటొద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. హరితహారంలో రోడ్ల వెంబడి విపరీతంగా నాటి, తర్వాత ఆపేశారు. మన దగ్గరి మొక్క కాదు, వేళ్లు పైపుల్లోకి దూరతాయన్న ఫిర్యాదులున్నాయి. మీ ప్లంబింగ్ ఖర్చు గురించి చెప్పండి, పువ్వు గురించి చెప్పినదానికంటే త్వరగా వింటారు.

ఐటీ_బాబాయ్
కాస్త కఠినంగా ఉంటుంది కానీ చెప్పాలి. గోడ లోపల పావెకరం గుట్టలో ఒక్క తీగని కాపాడుకుని సంబరపడటం వల్ల ఏం ఒరుగుతుంది? కోకాపేట, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ... మొత్తం ప్రాంతమే ఒకప్పుడు ఇలాంటి గుట్టలు. బ్లాస్టింగ్ చేసి టవర్లు లేపారు. మీ ఫ్లాటు కింద కూడా ఒక గుట్ట ఉండి ఉంటుంది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెట్ల నరికివేత ఆపించాల్సి వచ్చింది. కొట్లాడాల్సింది అలాంటివాటికి. ఇది షోకు.

రాళ్లదారి
బాబాయ్, మీరు చెప్పిన గుట్టల్లో కొన్ని నేను ఎక్కినవే, ఇప్పుడు లేవు. ఆ బాధ నాకూ ఉంది. కానీ దీన్ని షోకు అంటే ఒప్పుకోను. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ మొదలైనప్పుడు కూడా "రాళ్లని కాపాడటం ఏంటి" అని నవ్వినవాళ్లున్నారు. వాళ్లు పట్టుబట్టడం వల్లే కొన్ని రాళ్ల గుంపులు వారసత్వ జాబితాకెక్కాయి. పెద్ద పోరాటానికి వచ్చేది ఎవరు? తన ఇంటి వెనక ఉన్న గుట్టలో ఏముందో చూసినవాడే వస్తాడు. గచ్చిబౌలి పోరాటానికి వచ్చిన యూనివర్సిటీ విద్యార్థులకి ఆ నేల తెలుసు, రోజూ అందులో నడిచారు.

బోటనీ_మేడం
నేను రాళ్లదారి గారితో ఏకీభవిస్తాను, ఒక చిన్న సవరణతో. ఒక్క తీగ ఒంటరిగా ఉంటే కాయ పట్టడం కష్టం, బాబాయ్ గారి మాటలో ఆ మేరకు నిజం ఉంది. పక్క ఖాళీ స్థలాల్లో ఇంకా ఉన్నాయేమో చూడండి. తేనెపిట్ట కంచె దాటి రాగలదు, గోడ దానికి అడ్డు కాదు. కేబీఆర్ పార్కు, మృగవని, హరిణ వనస్థలి లాంటి పెద్ద జాగాల మధ్య ఇలాంటి చిన్న పొదలే వాటికి మజిలీలు. ఒక్కోటీ పోతే మధ్య దూరం పెరుగుతుంది.

ఐటీ_బాబాయ్
సరే మేడం. మాది మణికొండ, పక్కన ఇంకా ప్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. ఈ వారాంతం చూస్తాను.

అత్తాపూర్_అనిత
మధ్యలో ఒక ప్రశ్న. బతుకమ్మ వస్తోంది కదా, ఈ పువ్వు పేర్చొచ్చా? రంగు చూస్తే మస్తు అనిపిస్తోంది.

వికారాబాద్_పోరడు
మా దిక్కు పెట్టరు అక్కా. గునుగు, తంగేడు, కట్ల పూలు ఉండంగ ఇది ఎందుకు.

బోటనీ_మేడం
వద్దమ్మా. బతుకమ్మ పేర్చిన చేతులతోనే సత్తు ముద్దలు పంచుతాం, పిల్లలు తింటారు. ఇంకో కారణం: ఒక్కో పువ్వు కోస్తే ఒక్కో కాయ పోయినట్టే. గింజ నుంచి వచ్చిన మొలక పూయడానికి కొన్నేళ్లు పడుతుంది. చెట్టుకే ఉండనివ్వండి. విచ్చిన రోజు పచ్చగా ఉన్న పువ్వు రోజురోజుకీ పసుపై, ఎరుపై, చివరికి మొత్తం ముదురు ఎరుపైపోతుంది. అది చూడటమే బాగుంటుంది.

గుట్టపక్క_ఫ్లాట్
గుట్ట దగ్గర బోర్డు పెడదామని మీటింగులో చెప్తాను. దాని మాటలు రాసుకున్నాను, సరిచేయండి:

"ఇది అడవినాభి. మన నేల మొక్క. చూడండి, ఫోటో తీసుకోండి. కోయకండి, నోట్లో పెట్టకండి. దుంప, గింజ, ఆకు, పువ్వు అన్నీ విషం. ఎవరైనా తింటే వెంటనే 108."

ఇద్దరు_పిల్లల_అమ్మ
బోర్డు చదవడం రాని పిల్లల సంగతి? నా అభిప్రాయం మారలేదని కాదు. రాళ్లదారి గారు రాసింది మా అబ్బాయికి చదివి వినిపించాను, వాడు ఆ గుట్ట చూడాలంటున్నాడు, మా కమ్యూనిటీలో లేకపోయినా. కానీ నడుము ఎత్తు జాలీ లేకుండా నేను ఒప్పుకోను. గింజలు వచ్చే నెలలో కాయలు పగలక ముందే కోసేయాలి.

క్యాజువాలిటీ_డ్యూటీ
జాలీ మంచి ఆలోచన. బోర్డు మీద తెలుగుతో పాటు హిందీలో కూడా రాయించండి. మీ దగ్గర పనిచేసే మాలీలు, పనివాళ్ల పిల్లలు, వాచ్‌మన్ కుటుంబం, వాళ్లందరికీ నోటితో చెప్పండి. దుంప తవ్వి వండుకునే ప్రమాదం ఫ్లాట్లలో వాళ్ల కంటే కూలి పనికి కొత్తగా వచ్చినవాళ్లకే ఎక్కువ.

మొరం_నేల
కాయలన్నీ కోసేయకండి. జాలీ లోపల, చేతికి అందని ఎత్తులో రెండు మూడు వదిలేయండి. లేకపోతే కొత్త మొక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

బోర్డు మీద ఇంకో వాక్యం చేర్చండి: "చలికాలంలో తీగ ఎండిపోతుంది, మొక్క చావలేదు, తవ్వకండి." చాలాచోట్ల మొక్క పోయేది అప్పుడే. మాలి వస్తాడు, ఎండు తీగ చూస్తాడు, శుభ్రం చేస్తున్నాననుకుని మొదలంటా తవ్వేస్తాడు. గడ్డి మందు కూడా ఆ చుట్టుపక్కల కొట్టనివ్వకండి.

రాళ్లదారి
గుట్ట మీద లంటానా ఉంటే అది మాత్రం తీయించండి. మన పొదలని మింగేస్తుంది. ఇప్పుడు కాదు, తీగ ఎండిపోయాక, డిసెంబర్‌లో, కొడవలితో చేత్తో. జేసీబీ వద్దు.

గుట్టపక్క_ఫ్లాట్
మీటింగ్ అయింది. మూడు గంటలు.

కోనోకార్పస్ పోయింది, మొరం అన్నా, పైపుల మాటకే. లాన్ రోడ్డు వైపు మాత్రమే, గుట్టకి పది అడుగుల ఇవతల ఆపుతారు. వాలు గుట్ట వైపు రాకుండా చూస్తారు. కంప ఉంటుంది. జాలీ వేస్తారు, ఖర్చు సగం మా బ్లాకు పెట్టుకుంటోంది. కాయలు ఎవరు కోయాలన్న దానిమీద పెద్ద వాదన, చివరికి నా నెత్తినే పెట్టారు, సంతోషమే. పువ్వు కోసిన పాప వాళ్ల నాన్నే ముందు చెయ్యెత్తారు ఉంచమని. ఆ పెద్దావిడ మెదక్ వైపు వాళ్లు, ఆవిడ చెప్పకపోతే మాకెవరికీ పేరు కూడా తెలిసేది కాదు. గేటు దగ్గర గన్నేరు గురించి వచ్చే మీటింగులో.

ఇద్దరు_పిల్లల_అమ్మ
జాలీ వేశాక ఫోటో పెట్టండి. మా వాణ్ని తీసుకొస్తాను.

మొరం_నేల
కమ్యూనిటీ పేరు, లొకేషన్ ఇక్కడ పెట్టకండి. దుంపల కోసం వెతికేవాళ్లుంటారు. రావాలనుకున్నవాళ్లు మెసేజ్ చేయండి.

శంకర్‌పల్లి_రోడ్డు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా ప్లాటు పక్కన వెంచర్ వేస్తున్నారు. ఆ గుట్ట మీద ఈ తీగలు చాలా ఉన్నాయి. సంక్రాంతి తర్వాత బ్లాస్టింగ్ అని ఓనరే చెప్పాడు. ఆపే దారి లేదు, పట్టా భూమి. దుంపలు తీసుకుంటామంటే అభ్యంతరం లేదన్నాడు. ఇప్పుడేం చేయాలి?

మొరం_నేల
ఇలాంటి చోట తవ్వడమే సరైన పని. ఇప్పుడు ప్రతి తీగ మొదట్లో ఒక రాయి పెట్టి సున్నంతో గుర్తు వేయండి. తీగ ఎండిపోయాక మొదలు ఎక్కడుందో కనిపించదు. ఆకులు పూర్తిగా పసుపయి ఎండేదాకా ఆగండి. అప్పుడు గ్లౌజులు వేసుకుని, దూరం నుంచి మన్ను వదులు చేస్తూ రండి, దుంప కొసలు విరగకూడదు. మన్ను దులిపి, పొడి ఇసుకలో నీడన పెట్టండి, ఇంట్లో చిలగడదుంపలు ఉండే చోట మాత్రం కాదు. డబ్బా మీద విషం అని రాయండి. మే నెలాఖరున నాలుగు వేళ్ల లోతులో దుంపని పడుకోబెట్టి నాటాలి, రాళ్ల పక్కన, ముళ్ల పొద మొదట్లో.

బోటనీ_మేడం
కాయలు కూడా తీసి ఎండబెట్టండి. గింజ మొలవడం ఆలస్యం, అన్నీ మొలవవు, అయినా వేయాలి. పట్టా భూమి కాబట్టి ఫరవాలేదు. ఇది చూసి ఎవరూ అనంతగిరికో కేబీఆర్ పార్కుకో గడ్డపార పట్టుకుని వెళ్లకండి, రిజర్వు అడవిలో, నేషనల్ పార్కులో మొక్క తవ్వడం నేరం.

ఐటీ_బాబాయ్
మణికొండ ప్లాట్లలో చూశాను. ఒకచోట ఉంది, ప్రహరీ పక్కన, సర్కారు తుమ్మ మీదికి పాకింది. శంకర్‌పల్లి గారూ, తవ్వే రోజు చెప్పండి, కారు నాది.

ఐదో_అంతస్తు_తోట
నాకో రెండు దుంపలు పెట్టండి, ఈసారి మొరం అన్న కూడా వద్దనరు.

మొరం_నేల
అనను అక్కా. కుండీ అడుగున పెద్ద రంధ్రాలు ఉంచండి, డిసెంబర్ నుంచి నీళ్లు బంద్.